పసిబిడ్డకు బండి కొనేముందు మీ వీధిని ఒకసారి చూడండి

బారసాలనాడు ఉయ్యాలను పుట్టింటివారు తేవడం మన ఇండ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఇటీవల ఆ ఉయ్యాల పక్కన మరొక వస్తువు కూడా చేరుతున్నది. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేసుకొంటున్న మేనమామ ఒక పెద్ద అట్టపెట్టెతో బస్సు దిగుతాడు. పెట్టె విప్పితే చిన్న చక్రాలు, మెత్తని గుడ్డ సీటు, పైన గొడుగు వంటి కప్పు కనిపిస్తాయి. బిడ్డను అందులో పడుకోబెట్టి అందరూ ఫోటోలు తీసుకొంటారు. మూడు నెలలు తిరిగేసరికి బండి అటక మీద ఉంటుంది, బిడ్డ ఎప్పటివలెనే అవ్వ చంకలో ఉంటుంది.

అంగడులలో దీనిని ప్రామ్ అనీ, స్ట్రోలర్ అనీ అంటారు. బిడ్డ పూర్తిగా పడుకొనే తొట్టి వంటిది ప్రామ్. కూర్చొనే సీటు ఉండి, మడవడానికి వీలైనది స్ట్రోలర్. మన వైపు తోపుడు బండి అంటే కూరగాయల బండి అని అర్థం గనుక, ఈ వ్యాసంలో పిల్లల బండి అనే అందాము.

ఈ బండి మన వీధులలో పుట్టినది కాదు. 1733లో ఇంగ్లండులో విలియం కెంట్ అనే కళాకారుడు డెవన్‌షైర్ ప్రభువు బిడ్డల కోసం గవ్వ ఆకారంలో ఒక బండిని చేశాడు. దానిని మేకో పొట్టి గుర్రమో లాగేది. నేడు మనం చూస్తున్న తేలికపాటి మడత బండి 1965 నాటిది. ఓవెన్ మాక్లారెన్ అనే విమాన ఇంజనీరు, విదేశం నుండి వచ్చిన తన కుమార్తె బరువైన బండితో పడుతున్న ప్రయాసను చూచి, అల్యూమినియం గొట్టాలతో గొడుగు వలె ముడుచుకొనే బండిని రూపొందించాడు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల చక్రాల అమరికపై పనిచేసిన అనుభవం ఆయనకు ఇందులో అక్కరకు వచ్చింది. అయితే ఆ బండికి ఆయన ఊహించుకొన్న దారి చదునైన నగరపు కాలిబాట. మన ఊరి దారి అటువంటిది కాదు. కాబట్టి కొనదలచినవారు అంగడికి వెళ్ళడానికి ముందు ఒక సాయంత్రం తమ ఇంటి గడప నుండి అంగన్‌వాడీ వరకో, గుడి వరకో, బస్సు ఆగే చోటు వరకో నడచి చూడాలి. గడపలు ఎన్ని, మెట్లు ఎన్ని, మోరీ మీద బండలు ఎలా పరచి ఉన్నాయి, సిమెంటు రోడ్డు ఎక్కడ అంతమవుతుంది అన్నవి లెక్కపెట్టుకోవాలి. ఎంచుకోవలసిన చక్రం ఏదో ఆ నడకే చెబుతుంది.

బళ్ళారి, రాయచూరు వైపు నల్లరేగడి ఊళ్ళ సంగతి చూడండి. ఎండాకాలంలో ఆ నేల నెర్రెలు విచ్చుతుంది, వాన పడితే జిగురు ముద్ద అవుతుంది. చౌక బండ్లలో ఒక్కొక్క మూలన రెండేసి చిన్న చక్రాలు జంటగా ఉంటాయి. ఆ రెండింటి నడుమ సందులో రేగడి మట్టి కూరుకొంటే చక్రం తిరగడం మానుతుంది, బండిని ఎత్తి మోయవలసి వస్తుంది. అటువంటి ఊళ్ళవారికి మూలకు ఒకే పెద్ద చక్రం ఉన్న బండి మేలు. హోసూరు, కృష్ణగిరి వైపు ఎర్రనేల, గులకరాళ్ళు. అక్కడ చిన్న చక్రం రాయి తగిలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, బిడ్డ ముందుకు తూలుతుంది. ముందు చక్రాలు అన్ని వైపులకు తిరిగే బండ్లలో వాటిని నేరుగా బిగించే చిన్న మీట ఉంటుంది. గతుకుల దారిలో ఆ మీటను వేసి నడపాలి. సిరోంచ వైపు నది ఒడ్డు ఇసుకలో సన్నని చక్రాలు దిగబడతాయి. రాయగడ, జయపురం కొండవాలు వీధులలో చక్రం కంటే బ్రేకు ముఖ్యం. యానాంలో నేల సమతలం గనుక సిమెంటు వీధులలో ఉండేవారికి చిన్న చక్రాల తేలిక బండి సరిపోతుంది. అక్కడి తేమ గాలికి ఇనుప గొట్టాలు త్వరగా తుప్పు పడతాయి గనుక అల్యూమినియం బండిని చూచుకోవడం మంచిది.

పెద్ద చక్రాలలోనూ రెండు రకాలు ఉన్నాయి. సైకిలు వలె గాలి నింపేవి గతుకులను బాగా ఓర్చుకొంటాయి. కానీ మన దారుల వెంట సర్కారు తుమ్మ ఉన్నంత కాలం పంక్చరు తప్పదు. సైకిలు అంగడిలో పంక్చరు వేస్తారు, కానీ ఆ చిన్న కొలత ట్యూబు అన్నిచోట్లా దొరకదు. కొనేటప్పుడే అదనంగా ఒక ట్యూబు ఇమ్మని అడగండి. గాలి అక్కరలేని మెత్తని రబ్బరు చక్రాలు కొంచెం ఎక్కువ కుదుపు ఇచ్చినా ముల్లుకు భయపడవు. పల్లెకు ఇవే తగినవని నా అభిప్రాయం.

బరువు విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చక్రం పెద్దదైన కొద్దీ బండి బరువెక్కుతుంది. గొడుగు మడత బండి ఐదారు కిలోలు ఉంటే, పెద్ద చక్రాల బండి పన్నెండు కిలోలు దాటవచ్చు. మన సరిహద్దు ఊళ్ళలో పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, మెట్టినిల్లు మరొక రాష్ట్రంలో ఉండటం సర్వసాధారణం. బిడ్డ ఒక చేతిలో, సంచి ఇంకొక చేతిలో ఉండగా రెండు బస్సులు మారవలసిన తల్లికి పన్నెండు కిలోల బండి శిక్షతో సమానం. తరచు ప్రయాణాలు చేసేవారు తేలిక బండిని తీసుకొని, ఊరి మట్టి దారిలో బిడ్డను ఎత్తుకోవడమే నయం.

ఇక బిడ్డ వయస్సు. మెడ నిలవని పసికందును కూర్చొనే సీటులో ఉంచకూడదు. తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకు ఆనితే ఊపిరి ఆడే దారి ఇరుకవుతుంది. పుట్టిన నాటి నుండి వాడదలచినవారు వీపు భాగం పూర్తిగా చదునుగా వాలే బండినే తీసుకోవాలి. సీటు కొంచెం వాలితే చాలునని అంగడివారు చెప్పినా నమ్మవద్దు. ఊతం లేకుండా కూర్చోవడం సుమారు ఆరవ నెలకు వస్తుంది. తల్లి మూడవ నెలలోనో ఐదవ నెలలోనో అత్తవారింటికి వెళ్ళే మన పద్ధతిలో, బారసాలకే బండి తేవడం తొందరపాటే అవుతుంది. అంతవరకు ఉయ్యాల ఉంది, పెద్దల ఒడి ఉంది. ఆరవ నెల దాటిన తరువాత బిడ్డ ఏ ఊరిలో పెరుగుతుందో తెలిసి కొంటే, ఆ ఊరి దారికి తగినది దొరుకుతుంది.

బండిలో కుదురుగా ఉంచేది బెల్టు. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ళ నడుమ ఒకటి, మొత్తం ఐదు పట్టీలు ఉన్న దానినే తీసుకోండి. భుజం పట్టీలు లేని బెల్టులో చురుకైన బిడ్డ లేచి నిలబడి ముందుకు పడగలదు. కాళ్ళ నడుమ పట్టీ లేకపోతే కిందికి జారి మెడ చిక్కుకొనే ప్రమాదం ఉంది. పట్టీకీ బిడ్డ ఒంటికీ నడుమ రెండు వేళ్ళు దూరేంత సందు చాలు.

ఈ బెల్టు విలువ మా ఇంటివారికి ఒక సంతనాడు తెలిసివచ్చింది. మా మనుమరాలికి అప్పుడు ఎనిమిదవ నెల. ఏడు కిలోల పిల్ల, ఆరు కిలోల బండి. కోడలు కూరగాయల సంచిని బండి పిడికి తగిలించింది. ఉల్లిగడ్డలు, గుమ్మడికాయ, అన్నీ కలిపి ఐదు కిలోలకు తక్కువ ఉండవు. చిల్లర లెక్కపెట్టడానికి పిడిని వదిలిన మరుక్షణం బండి వెనుకకు తిరగబడింది. బెల్టు కట్టి ఉండటం వలన పిల్ల బయటికి పడలేదు, తల వెనుక బొప్పితో పోయింది. అయినా ఆ రాత్రి ఇంట్లో ఎవరమూ నిద్రపోలేదు. పిల్ల వాంతి చేసుకొంటుందేమో, మత్తుగా పడి ఉంటుందేమో అని వంతులవారీగా కూర్చొన్నాము.

తరువాత ఆలోచిస్తే కారణం తేలికగానే అర్థమైంది. పాతకాలపు ఏతం చూచినవారికి వివరించనక్కరలేదు. వెనుక చక్రాల ఇరుసు మీద బండి తూగుతుంది. పిడి ఆ ఇరుసుకు బాగా వెనుకగా ఉంటుంది గనుక, అక్కడ వేలాడే ఐదు కిలోలు ముందున్న పదమూడు కిలోలను ఎత్తగలవు. బిడ్డను దించిన తరువాత అయితే ఇంకా తేలికగా పడుతుంది. కాబట్టి సంచిని పిడికి తగిలించవద్దు. సీటు కింద ఉండే బుట్టలో, అందులో రాసి ఉన్న బరువుకు లోబడి పెట్టుకోవాలి. బుట్ట లేని బండి అయితే సంచిని చేతితో మోయడమే మేలు. మా కోడలిని తప్పుపట్టలేను. పిడికి సంచి తగిలించుకొనే కొక్కేలను అంగడులలోనే అమ్ముతున్నారు మరి.

బ్రేకు సంగతి. వెనుక రెండు చక్రాలను ఒకే తొక్కుడుతో బిగించే బ్రేకు మంచిది. రెండు చక్రాలకు వేరువేరుగా ఉంటే తొందరలో ఒకటి మరచిపోతాము. మన ఇంటి అరుగులూ వాకిళ్ళూ నీరు పోవడానికి మోరీ వైపు వాలుగా కట్టి ఉంటాయని గుర్తుంచుకోండి. బిడ్డ ఉన్న బండిని వాకిట ఒక్క నిమిషం నిలిపినా బ్రేకు వేయాలి.

మడత దగ్గర వేళ్ళు జాగ్రత్త. 2009లో అమెరికాలో ఒక పేరుపొందిన కంపెనీ సుమారు 10 లక్షల బండ్లకు దిద్దుబాటు చేయవలసి వచ్చింది. మడత కీలులో పడి పిల్లల వేలికొనలు తెగిన ఉదంతాలు 12 నమోదు కావడమే కారణం. కీళ్ళకు గుడ్డ గానీ ప్లాస్టిక్ గానీ తొడుగు ఉన్నదో లేదో చూడండి. పిల్లలు దగ్గర ఉన్నప్పుడు బండిని విప్పడం, మడవడం వద్దు. విప్పిన తరువాత తాళం పడిన చప్పుడు వినిపించాలి.

మన ప్రాంతపు ఎండను గురించి వేరుగా చెప్పవలసి ఉంది. ఏప్రిల్, మే నెలలలో రాయచూరు, బళ్ళారి వైపు 40 డిగ్రీలు దాటడం వింత కాదు. ఎండ తగలకుండా బండి మీద చీరకొంగో తువ్వాలో కప్పడం మన తల్లులు సహజంగా చేసే పని. నీడ కలుగుతుంది గానీ లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది. 2023లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని కొలిచి చూశారు. పొడి పలుచని గుడ్డ కప్పితే బండి లోపలి వేడి రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగింది. అదే గుడ్డను తడిపి కప్పితే నాలుగున్నర డిగ్రీలకు పైగా తగ్గింది. మట్టికుండలో నీరు చల్లబడేది ఈ సూత్రం వల్లనే. అయితే గుడ్డ ఆరిపోకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో తడుపుతూ ఉండాలి, ఒక పక్క గాలికి తెరచి ఉంచాలి. యానాం వంటి తేమ ప్రాంతాలలో తడి అంత త్వరగా ఆరదు గనుక చల్లదనం కూడా తక్కువే. నడి ఎండలో బయటికి తీసుకుపోకపోవడమే అన్నింటికంటే ఉత్తమం. ఎండలో నిలిచిన బండి బెల్టు కొక్కేన్ని చేతితో తాకి చూడకుండా బిడ్డను కూర్చోబెట్టవద్దు. నల్ల గుడ్డ సీటు త్వరగా కాలుతుంది, లేత రంగు తీసుకోండి.

హైవే పక్కనున్న ఊళ్ళవారికి ఒక మాట. బండిలో బిడ్డ ముక్కు లారీ పొగగొట్టం ఎత్తులో ఉంటుంది. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో, బండిలోని పిల్లలకు పెద్దల కంటే 60 శాతం వరకు ఎక్కువ కాలుష్యం తగలవచ్చునని తెలిపారు. రద్దీ రోడ్డు దాటేటప్పుడు ఎత్తుకోండి.

అంగడిలో బండిని నున్నని గచ్చు మీద నడిపి చూపిస్తారు. గచ్చు మీద ఏ బండి అయినా నడుస్తుంది. పది కిలోల బియ్యం సంచిని సీటులో పెట్టి, అంగడి ముందు వీధిలోకి తెచ్చి, ఒంటి చేత్తో తోసి చూడండి. ఏడాది బిడ్డ బరువు దాదాపు అంతే. బండిని రోజూ తోసేది అవ్వ అయితే అవ్వనే తీసుకువెళ్ళండి. పిడి ఆమె నడుముకు కొంచెం పైన ఉండాలి. ఇంటి తలుపు వెడల్పును దారంతో కొలిచి పట్టుకుపోవడం మరువవద్దు. ఒప్పుకోని అంగడివాడు ఉంటే పక్క అంగడి ఉన్నది. ఆన్‌లైన్‌లో తెప్పించేవారు వాపసు గడువు ముగియక ముందే ఈ పరీక్షలన్నీ చేయాలి.

అదే అంగడిలో గుండ్రని చట్రం నడుమ బిడ్డను కూర్చోబెట్టే వాకర్ కూడా చూపిస్తారు. దానిని కొనవద్దు. మెట్ల మీద నుండి దొర్లే ప్రమాదాల వలన కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. అది నడక నేర్పదు కూడా. వడ్రంగి చేసే మూడు చక్రాల చెక్కబండి వేరు. అందులో బిడ్డ తన కాళ్ళ మీద తాను నిలబడి తోస్తుంది. పక్కన పెద్దలు ఉంటే చాలు.

బంధువుల ఇంటి నుండి పాత బండి వస్తే కాదనవలసిన పని లేదు. బెల్టు కుట్లు, బ్రేకు, మడత తాళం, ఈ మూడూ సరిగా ఉంటే గుడ్డను ఉతికి వాడుకోవచ్చు. సాధారణంగా 15 కిలోల వరకు అని బండి మీద రాసి ఉంటుంది, అది దాటిన పిల్లవాడిని ఎక్కించవద్దు. వానలో తిరిగిన రోజు ఇరుసు దగ్గర చుట్టుకొన్న గడ్డి, దారాలు, మట్టి తీసివేయండి. అటక మీదో గొడ్ల కొట్టం పక్కనో ఉంచిన బండిని దించినప్పుడు మాత్రం సీటు గుడ్డను పూర్తిగా విప్పి, మడతలన్నీ ఎండలో దులిపి, తేలు గానీ జెర్రి గానీ లేదని కళ్ళారా చూచిన తరువాతే బిడ్డను కూర్చోబెట్టండి.