పూడుకుపోయిన నేలలు – హిమయుగ సాక్ష్యం: బోధన్ రేగడి పరిశీలన

వ్యాససంగ్రహం: హిమ, అంతర్హిమ దశలలో ఏర్పడి, తరువాతి నిక్షేపాల కింద పూడుకుపోయిన నేలలను పురామృత్తికలు అంటారు. అవి ఏర్పడే తీరును, బోధన్ చెరకు ప్రాంతంలో వాటిని పరిశీలించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పురామృత్తిక, హిమదశ, రుతుపవనాలు, నల్లరేగడి, చెరకు.

1. ఉపోద్ఘాతం
నిజామాబాద్ పట్టణ పరిసరాలలో గ్రానైటు శిలల మీద ఎర్రని చెల్క నేలలు ఉన్నాయి. పడమట బోధన్ వైపు నల్లరేగడి ఎక్కువ. ఈ తేడాకు మాతృశిల ప్రధాన కారణం. అయితే ఒకేచోట, ఒకదాని కింద ఒకటిగా వేర్వేరు లక్షణాలున్న నేలలు కనిపిస్తే గతకాలపు వాతావరణాన్ని కూడా పరిశీలించాలి.

2. ఏర్పడే విధానం
నేల ఏర్పడటానికి విరామం అవసరం. కొత్త మట్టి చేరడం ఆగిన చోట మొక్కలు పెరుగుతాయి. ఆకులు కుళ్ళి పైపొర నల్లబడుతుంది. వాననీరు బంకమట్టిని, సున్నాన్ని కిందికి దించుతుంది. ఇనుము ఆక్సీకరణం చెంది నేల ఎరుపెక్కుతుంది. ఆపై వరద ఒండ్రు గాని, గాలిదుమ్ము గాని, అగ్నిపర్వతపు బూడిద గాని కప్పితే అది పురామృత్తిక అవుతుంది.

దక్కను మీద మంచు పరచుకోలేదు. ఇక్కడ హిమదశ బలహీనమైన నైరుతి రుతుపవనాల రూపంలో వచ్చింది. వానలు తగ్గినప్పుడు సున్నం లోతుకు దిగక పైపొరలకు దగ్గరలోనే గడ్డకడుతుంది. చెట్లు పలచబడి గడ్డి విస్తరిస్తుంది. సుమారు 11,700 ఏళ్ళ క్రితం ప్రస్తుత అంతర్హిమ దశ మొదలైంది. దాని తొలి సహస్రాబ్దాలలో రుతుపవనాలు మళ్ళీ బలపడ్డాయి.

3. జ్వాలాపురం నిదర్శనం
సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద బనగానపల్లె సమీపంలోని జుర్రేరు లోయను కప్పింది. ఆ పొరకు పైనా, కిందా రాతి పనిముట్లు లభించినట్లు 2007లో మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ తదితరులు ప్రకటించారు. బూడిద వయసు తెలుసు కనుక దాని కింది నేల అంతకంటే ప్రాచీనమని నిర్ధారించవచ్చు.

4. చెరకు తెచ్చిన చిక్కు
నాటి వృక్షజాలాన్ని తెలుసుకోవడానికి నేలలోని కార్బన్-13 పాలును కొలుస్తారు. చెట్లు, వరి వంటి సి-3 మొక్కలకు ఆ విలువ ప్రతి వెయ్యికి సుమారు −27. ఉష్ణమండల గడ్డి జాతులలో అధికభాగమైన సి-4 మొక్కలకు సుమారు −13. చెరకు, జొన్న, మొక్కజొన్న కూడా సి-4 మొక్కలే. అందువల్ల హిమదశ నాటి గడ్డిమైదానం వదిలిన గుర్తు, నిన్నటి చెరకుతోట వదిలిన గుర్తు ఒకేలా ఉంటాయి.

1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో, 1937లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ గిరాకీతో బోధన్ పొలాలలో చెరకు విస్తరించింది. పైగా రేగడి ఎండాకాలంలో లోతుగా నెర్రెలు బారుతుంది. పైమట్టి వాటిలోకి జారి, వానకు నేల ఉబ్బగానే లోపలే ఉండిపోతుంది. తనను తాను దున్నుకునే ఈ నేలలో లోతు పెరిగిన కొద్దీ ప్రాచీనత పెరుగుతుందని భావించడానికి వీలులేదు.

5. ముగింపు
కనుక బోధన్ ప్రాంతంలో నమూనాలను నెర్రెలు చేరే లోతుకు దిగువన, మంజీర, దాని వాగులు కోసిన ఒడ్డులలో సేకరించడం మేలు. కర్బన విలువతో పాటు సున్నపు గడ్డలు, బంకమట్టి స్వభావం, స్వతంత్ర కాలనిర్ణయం కూడా ఏకీభవించినప్పుడే ఒక పొరను హిమదశకు చెందినదిగా పేర్కొనాలి. ఫ్యాక్టరీ 2015లో మూతపడినా, దశాబ్దాల చెరకు వేళ్ళు వదిలిన కర్బనంలో కొంత ఆ రేగడిలో ఇంకా మిగిలే ఉంటుందని పరిశోధకులు గుర్తుంచుకోవాలి.