గుంపుగూడి బ్రతుకు సాలెపురుగు

కృష్ణ యొడ్డున నున్న ధరణికోటకు వచ్చువారు శాతవాహనుల నాటి ధాన్యకటకమును తలచుకొని, పాత దిబ్బలను చూచి మరలిపోవుదురు. దారి ప్రక్కనున్న ముండ్లకంప నెవరు చూతురు? నేను బడిలో పనిచేయు దినములలో ఒక విద్యార్థి అట్టి కంపనుండి రెమ్మ నొకదానిని తెచ్చి నా బల్లపై నుంచెను. దానిపై మాసిన దూదియుండ వంటి గూడు. అందులో ఎండుటాకులు, ఈగల రెక్కలు, చింతగింజ కంటె పెద్దవి కాని బూడిదరంగు ప్రాణులు పెక్కు.

"ఇవేమి పురుగులు, మాస్టారూ?"

"కాళ్లు లెక్కపెట్టుము, నాయనా" అంటిని.

ఎనిమిది! కీటకమునకు కాళ్లు ఆరు, శరీరమున భాగములు మూడు. సాలెపురుగునకు కాళ్లు ఎనిమిది, భాగములు రెండు. రెక్కలు, మీసములు లేవు. మన భాష దీనిని పురుగనినను శాస్త్రజ్ఞులు తేలుతో కలిపి అరాక్నిడా అను తరగతిలో చేర్చిరి. దీనికి తేలు చుట్టము. ఈగ ఆహారము మాత్రమే.

దీని శాస్త్రీయ నామము స్టెగోడైఫస్ సారసినోరమ్. మొదటి పదము ప్రజాతిని, రెండవది జాతిని తెలుపును. స్విట్జర్లండు దేశీయులైన పాల్ సారసిన్, ఫ్రిట్జ్ సారసిన్ అను ప్రకృతి శాస్త్రజ్ఞులు సింహళమున సేకరించిన సాలెపురుగులను పరీక్షించి, కార్ష్ అను జర్మను పండితుడు 1892 లో 'సారసినులది' అను అర్థము వచ్చునట్లు ఈ పేరుంచెను. మన కంపలో పెరుగు ప్రాణికి స్విస్సువారి ఇంటిపేరు!

దీని కుటుంబము ఎరెసిడే. ఈ సాలెపురుగు దారమునకు జిగురు లేదు. పొట్ట చివర జల్లెడ వంటి అవయవము నుండి అతి సన్నని పోగులు వెలువడును. కడపటి కాళ్లపై నున్న దువ్వెనతో వానిని దువ్వి ఉన్నివలె చేయును. ఈగ కాళ్లు ఆ ఉన్నిలో చిక్కుకొనును.

సాలెపురుగులు సాధారణముగ ఒంటరివి. ఒకదాని నొకటి తినుటకు వెనుదీయవు. ఇవి మాత్రము ఒకే గూట వందలకొలది కాపురముండి, తమకంటె పెద్ద మిడుతను సైతము కలిసి లాగును. తల్లి తాను తిన్నదానిని కక్కి పిల్లలకు పెట్టును. తుదకు తన దేహమునే వాని కాహారము చేయును.

ఈ ప్రజాతిలో ఎల్లప్పుడును గుంపుగ బ్రతుకు జాతులు మూడే. రెండు ఆఫ్రికాలో నున్నవి, మూడవది మనది. ఈ మూడును అక్కచెల్లెండ్రని తోచును గదా! జన్యుపదార్థమును పరీక్షింపగా అట్లు కాదని తేలినది. ప్రతిదానికిని మిక్కిలి దగ్గరి చుట్టము వేరొక ఒంటరి సాలెపురుగు. మనదానికి పసిఫికస్ అను ఒంటరి జాతి అట్టిది. కలిసి బ్రతుకు అలవాటు మూడుచోట్ల వేర్వేరుగ పుట్టినదన్నమాట.

సాయంకాలము ఆ బాలుడు రెమ్మను మరల కంపలోనే గ్రుచ్చి వచ్చెను.