గడ్డివాముపై బండరాయి – యూరియాలో దాగిన ఒత్తిడి

వరిగడ్డిని యూరియాతో మాగవేసే సభ్యులలో కొందరు వాముపై కప్పిన పట్టా మీద బండరాళ్లు పేరుస్తుంటారు. బరువు ఎంత పెడితే లోపల ఒత్తిడి అంత పెరిగి, మూడు వారాల పని రెండు వారాలలో పూర్తవుతుందని వారి నమ్మకం. ఒత్తిడికీ రసాయనిక చర్యకూ సంబంధం ఉన్నమాట నిజమే. కాని అది పనిచేసే చోటు మన దొడ్డి కాదు, ఆ యూరియా తయారైన కర్మాగారం.

గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నత్రజనే. అయినా అది దేనితోనూ సులభంగా కలియదు. ఒక పాలు నత్రజని, మూడు పాళ్ల ఉదజని కలిస్తే రెండు పాళ్ల అమోనియా ఏర్పడుతుంది. అంటే నాలుగు పాళ్ల చోటు రెండుకు తగ్గుతుంది. బయటినుండి నొక్కినప్పుడు వాయువులు తక్కువ చోటు పట్టే వైపుకే మొగ్గుతాయి. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో దీనిని చేసి చూపగా, కార్ల్ బాష్ 1913లో ఓపావ్ వద్ద కర్మాగారంగా నడిపించాడు. అక్కడి ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు. లారీ టైరులోని గాలి దానిముందు ఏపాటిది! మొదట్లో ఉదజని ఉక్కులోని కర్బనాన్ని తినివేసి గొట్టాలు పగిలిపోయేవి. లోపల మెత్తని ఇనుప పొర వేసి, బయటి ఉక్కుకు సన్నని రంధ్రాలు పెట్టి బాష్ గట్టెక్కాడు.

ఇక శక్తి సంగతి. 17 గ్రాముల అమోనియా ఏర్పడితే దాదాపు 11 కిలో కేలరీల వేడి వెలువడుతుంది. ఒత్తిడి పెంచినందువలన ఈ వేడి పెద్దగా మారదు. మారేది, ఎంత వాయువు అమోనియాగా నిలుస్తుందన్నది. అయితే నొక్కడానికి వేరే శక్తి ఖర్చవుతుంది. అమోనియాను బొగ్గుపులుసు వాయువుతో కలిపి యూరియా చేయడానికి కూడా ఒత్తిడి కావాలి.

వాములో జరిగేది దీనికి తిరుగుడు. గడ్డిలోని సూక్ష్మజీవులు తడిలో యూరియాను విరిచి అమోనియాను విడుదల చేస్తాయి. దీనికి ఒత్తిడితో పనిలేదు. చదరపు మీటరుకు 50 కిలోల రాయి పెట్టినా అదనంగా పడేది గాలి ఒత్తిడిలో 200వ వంతు మాత్రమే!

మరి రాయి వృథాయా? కాదు. పట్టా గాలికి లేవకుండా ఉంచుతుంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా వేస్తే రెండుంపావు కిలోల అమోనియా వస్తుంది. అంతా వాయువైతే 3,000 లీటర్లకు మించుతుంది. అందులో చాలాభాగం గడ్డి తడిలో ఇంకినా, మిగిలినది చిన్న చిల్లు దొరికినా పోతుంది. కనుక యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి, బాగా తొక్కి, పట్టా అంచులను మట్టితో మూయాలి. 21 రోజులు కదపరాదు.

తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా ఆరబెట్టి మేపాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు. అన్నిటికంటె ముఖ్యంగా, యూరియా కలిపిన నీటి తొట్టిని పశువులకు అందేచోట ఒక్క క్షణం కూడా వదలకండి. మూడు వారాలలో మెల్లగా విడుదల కావలసిన అమోనియా పశువు పొట్టలో నిమిషాల మీద విడుదలై, ఉబ్బరం, వణుకు వచ్చి, వైద్యుడు చేరేలోపే ప్రాణం పోవచ్చు.