చూసినవారు లేని పుట్టుక: భూమి వయసు ఎలా తేలింది?

భూమి వయసు 454 కోట్ల సంవత్సరాలని మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. పరీక్షలో ఆ సంఖ్య రాస్తే మార్కు పడుతుంది. కానీ ఎవరైనా, “భూమి పుట్టినప్పుడు చూసినవాళ్ళు ఎవరూ లేరు కదా! శాస్త్రజ్ఞులకు మాత్రం ఎలా తెలుస్తుంది? అదీ ఒక నమ్మకమే” అంటే మీరు ఏం జవాబు చెబుతారు?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఎందుకంటే భూమి వయసు విషయంలో సైన్సు ఒకప్పుడు గట్టిగానే పొరబడింది. ఆ పొరపాటు ఎలా బయటపడిందో తెలుసుకుంటే, ఇప్పటి సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చో మీకే అర్థమవుతుంది.

కెల్విన్ లెక్క

1650లో ఐర్లండు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ బైబిలులోని వంశావళుల ఆధారంగా సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని లెక్కకట్టాడు. 18వ శతాబ్ది చివర స్కాట్లండుకు చెందిన జేమ్స్ హట్టన్ రాతిపొరలను పరిశీలించి, అవి ఏర్పడడానికి అంతకంటే ఎంతో ఎక్కువ కాలం పట్టి ఉండాలన్నాడు. ఎంత కాలమో మాత్రం చెప్పలేకపోయాడు.

భౌతికశాస్త్ర సూత్రాలతో దీన్ని తేల్చడానికి పూనుకున్నవాడు లార్డ్ కెల్విన్. గనుల్లో లోతుకు వెళ్ళేకొద్దీ వేడి పెరుగుతుంది. భూమి మొదట కరిగిన ముద్దగా ఉండి క్రమంగా చల్లారిందనుకుంటే, ఈ స్థితికి రావడానికి ఎంత కాలం పట్టిందో గణితం చెబుతుంది. 1862లో ఆయన చెప్పిన జవాబు 2 కోట్ల నుంచి 40 కోట్ల సంవత్సరాలు. 1897 నాటికి దాన్ని 2 నుంచి 4 కోట్లకు కుదించాడు. జీవపరిణామానికి ఇంత తక్కువ కాలం చాలదు. అందుకే కెల్విన్ లెక్క డార్విన్‌ను చాలా కలవరపెట్టింది.

కెల్విన్ గణితంలో తప్పు లేదు. తప్పు ఆయన అనుకున్నదానిలో ఉంది. భూమి లోపలంతా ఒక గట్టి ముద్ద అనుకున్నాడు. వేడి సంగటి ముద్ద పైన త్వరగా చల్లారుతుంది, లోపలి వేడి నెమ్మదిగా బయటికి వస్తుంది. అదే గిన్నెలో చారు అయితే, అడుగున ఉన్న వేడి ద్రవం పైకి వస్తూ ఉంటుంది కాబట్టి పైభాగం చాలాసేపు వేడిగానే ఉంటుంది. భూమి లోపలి రాయి ఘనపదార్థమే అయినా కోట్ల సంవత్సరాల కాలంలో మెల్లగా కదులుతుంది. లోపల వేడి సులభంగా ప్రసరిస్తే వయసు ఎన్నో రెట్లు పెరుగుతుందని 1895లోనే జాన్ పెర్రీ చూపాడు. ఆయన ఒకప్పుడు కెల్విన్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడే.

రాయిలో గడియారం

1896లో బెకరల్ రేడియోధార్మికతను కనుగొన్నాడు. దీనితో శాస్త్రజ్ఞులకు ఒక గడియారం దొరికింది. యురేనియం-238 పరమాణువులు క్రమంగా విఘటనం చెంది చివరకు సీసం-206గా మారతాయి. ఒక గ్రాములో సగం మారడానికి 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. దీన్నే అర్ధజీవితకాలం అంటారు. ఎంత యురేనియం మిగిలింది, ఎంత సీసం పుట్టింది అని కొలిస్తే రాయి వయసు తెలుస్తుంది.

1911లో ఆర్థర్ హోమ్స్ అనే 21 ఏళ్ళ యువకుడు ఈ పద్ధతిలో నార్వే రాయి ఒకదానికి 37 కోట్ల సంవత్సరాలు, అప్పటి సిలోన్, అంటే నేటి శ్రీలంక రాయి ఒకదానికి దాదాపు 160 కోట్ల సంవత్సరాలు వయసు కట్టాడు. అప్పటికి ఐసోటోపుల సంగతి తెలియదు కాబట్టి అవి ముతక లెక్కలే. అయినా కెల్విన్ గీసిన హద్దు చెరిగిపోయింది.

మరి మొదట్లోనే రాయిలో సీసం ఉండి ఉంటే? మంచి ప్రశ్న. అందుకే జిర్కాన్ అనే ఖనిజాన్ని ఎంచుకుంటారు. దాని స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని చేర్చుకుంటుంది గానీ సీసాన్ని దాదాపుగా రానివ్వదు. పైగా అందులో రెండో గడియారం కూడా ఉంది. యురేనియం-235 సీసం-207గా మారుతుంది, దాని అర్ధజీవితకాలం 70 కోట్ల సంవత్సరాలు. మధ్యలో సీసం కొంత కారిపోతే రెండు గడియారాలు రెండు వేర్వేరు వయసులు చూపిస్తాయి. అలా నమూనా చెడిపోయిందని అదే చెబుతుంది.

ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ రేణువుకు 440 కోట్ల సంవత్సరాల వయసు తేలింది. మన దేశంలో సింగ్‌భూమ్ ప్రాంతపు శిలల్లో 424 కోట్ల సంవత్సరాల నాటి జిర్కాన్లు ఉన్నట్టు 2018లో వెల్లడైంది. భూమి వయసు ఇంతకంటే తక్కువ ఉండడానికి వీల్లేదు.

అయితే భూమి పుట్టిననాటి రాళ్ళు కరిగి, మారిపోయాయి. అందుకని అమెరికా శాస్త్రజ్ఞుడు క్లేర్ ప్యాటర్సన్, సౌరకుటుంబం ఏర్పడినప్పటి నుంచి పెద్దగా మారని ఉల్కలను పరీక్షించాడు. ఉల్కల్లోని సీసం, సముద్రపు అడుగున పేరుకున్న మట్టిలోని సీసం ఒకే వయసును సూచించాయి. 1956లో ఆయన ప్రకటించిన సంఖ్య 455 కోట్లు, తేడా అటూఇటూ 7 కోట్లు. నేటి సంఖ్య 454 కోట్లు, తేడా అటూఇటూ 5 కోట్లు. భూమి ఒక్కరోజులో తయారు కాలేదు కాబట్టి ఈ మాత్రం తేడా సహజమే.

విఘటన వేగం మారి ఉంటే?

ఈ గడియారాలు పూర్వం వేగంగా నడిచి ఉండవచ్చు కదా అని కొందరు వాదిస్తారు. దీన్నీ పరీక్షించవచ్చు. 1987లో ఒక నక్షత్ర విస్ఫోటనం కనిపించింది. ఆ వెలుగు అక్కడ బయలుదేరి దాదాపు లక్షా 60 వేల సంవత్సరాలైంది. అందులో పుట్టిన కోబాల్ట్-56 మన ప్రయోగశాలల్లో కొలిచిన 77 రోజుల అర్ధజీవితకాలంతోనే క్షీణించింది. ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ఓక్లో యురేనియం గనిలో సుమారు 200 కోట్ల సంవత్సరాల కిందట సహజంగానే అణు రియాక్టరు పనిచేసిన ఆనవాళ్ళు 1972లో బయటపడ్డాయి. అక్కడి అవశేషాలను బట్టి చూస్తే, పరమాణు కేంద్రకాల ప్రవర్తన అప్పుడూ ఇప్పటిలాగే ఉంది.

కల్పం లెక్క సంగతి

మన దగ్గర ఇంకో మాట తరచు వినిపిస్తుంది. పురాణాల ప్రకారం కల్పం 432 కోట్ల సంవత్సరాలు, అది 454 కోట్లకు దగ్గరే కాబట్టి పూర్వులకు భూమి వయసు ముందే తెలుసు అని. మన పూర్వులు ఇంత దీర్ఘకాలాన్ని ఊహించడం గొప్ప సంగతే. కానీ 432 కోట్లు కల్పం మొత్తం నిడివి. సంప్రదాయ గణన ప్రకారమే ఇప్పటి శ్వేతవరాహ కల్పంలో గడిచినది సుమారు 197 కోట్ల సంవత్సరాలు. ఆ సంఖ్య రాళ్ళను కొలిచి తెచ్చినదీ కాదు. రెండు సంఖ్యలు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి రుజువు కాలేదు.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలరు. భూమి పుట్టుకను ఎవరూ చూడలేదు, నిజమే. కానీ దాని గుర్తులు రాళ్ళలో మిగిలాయి, వాటిని ఎవరైనా మళ్ళీ కొలిచి సరిచూడవచ్చు. రేపు ఎవరైనా 500 కోట్ల సంవత్సరాల నాటి జిర్కాన్‌ను చూపి, రెండు గడియారాలూ ఆ వయసునే చెబుతున్నాయని నిరూపిస్తే 454 అన్న సంఖ్యను మార్చుకోక తప్పదు. ఎవరు ఏ సంఖ్య చెప్పినా ఈ రెండూ అడగండి: దీన్ని ఎలా కొలిచారు? ఇది తప్పైతే ఆ సంగతి మనకు ఎలా తెలుస్తుంది?