ప్రకృతి దృశ్యంలో పరమార్థం: కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ చిత్రాలు

1. పరిచయం

ప్రార్థనా స్థలంలో బొమ్మ అనగానే మనకు దేవుడి రూపమో, పురాణ ఘట్టమో గుర్తుకు వస్తుంది. కొండలు, చెట్లు, ఆకాశం ఆ బొమ్మకు వెనక తెర మాత్రమే. ఆ వెనక తెరే అసలు విషయమైతే దాన్ని భక్తి చిత్రం అనవచ్చా? సుమారు 200 ఏళ్ళ క్రితం జర్మనీలో ఈ ప్రశ్న వివాదమైంది. దానికి కారకుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ (1774-1840). ఈ భాగం చదివిన తరవాత ఆ వివాదాన్ని, ఆయన చిత్రాలను అర్థం చేసుకొనే పద్ధతిని మీరు వివరించగలుగుతారు.

2. చిత్రకారుడి నేపథ్యం

ఫ్రీడ్రిష్ బాల్టిక్ సముద్ర తీరాన గ్రైఫ్స్‌వాల్డ్‌లో, లూథరన్ కుటుంబంలో పుట్టాడు. ఏడేళ్ళ వయసుకే తల్లి పోయింది. 1787లో తమ్ముడు మంచునీటిలో మునిగి చనిపోయాడు. ఆ ప్రాంతంలోనే కోసెగార్టెన్ అనే పాదరీ కవి ఉండేవాడు. ఆయన ర్యూగెన్ ద్వీపంలో చేపలుపట్టేవారికి సముద్రపు ఒడ్డునే ప్రసంగాలు చేసేవాడు. బైబిల్ లాగే ప్రకృతి కూడా దైవసందేశాన్ని చెబుతుందన్న భావం ఆ వాతావరణంలో ఉంది. ఫ్రీడ్రిష్ కోపెన్‌హాగెన్ అకాడమీలో చదివి, 1798లో డ్రెస్డెన్‌లో స్థిరపడ్డాడు.

3. 1808 నాటి వివాదం

1808 క్రిస్మస్ రోజుల్లో ఫ్రీడ్రిష్ తన చిత్రశాలలోనే ఒక చిత్రాన్ని ప్రదర్శించాడు. దాన్ని 'టెషెన్ బలిపీఠ చిత్రం' అంటారు. అందులో కనిపించేది ఫర్ చెట్లతో నిండిన ఒక రాతి శిఖరం. దాని మీద ఒక శిలువ. శిలువ మీది క్రీస్తు మనవైపు కాక, కొండ వెనక అస్తమించే సూర్యుడి వైపు తిరిగి ఉంటాడు.

మరుసటి నెలలో రామ్‌డోర్ అనే విమర్శకుడు దీన్ని తీవ్రంగా ఖండించాడు. ఆయన అభ్యంతరాలు రెండు. మొదటిది, దగ్గర నుంచి దూరానికి అంచెలంచెలుగా చూపే నియమాన్ని చిత్రకారుడు పాటించలేదు. రెండోది, ప్రకృతి దృశ్యానికి బలిపీఠం మీద చోటు లేదు.

ఫ్రీడ్రిష్ తన చిత్రానికి వివరణ ఇచ్చాడు. అస్తమించే సూర్యుడు గతించిన పాత కాలానికి గుర్తు. శిలువను మోసే రాయి చలించని విశ్వాసం. ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఫర్ చెట్లు ఆశ. సూర్యుడు మనకు కనిపించడు. కాని శిలువ మీది లోహపు క్రీస్తు ఆ వెలుగును అందుకొని భూమివైపు ప్రసరింపజేస్తాడు.

ఇక్కడ మీరు ఒక పొరపాటు చేయకూడదు. ఫ్రీడ్రిష్ 'ప్రకృతే దైవం' అనలేదు. ఆయన దృష్టిలో ప్రకృతి దైవానికి సంకేతం. వెలుగు, వెలుగును ప్రతిఫలించేది వేరువేరు.

4. ఖాళీకి ఉన్న అర్థం

1810లో బెర్లిన్‌లో ప్రదర్శించిన 'సముద్రతీరంలో సన్యాసి'లో శిలువ కూడా లేదు. ఇసుక ఒడ్డు, నల్లని సముద్రం, ఒక చిన్న మనిషి. చిత్రంలో మూడు వంతులకు పైగా ఆకాశమే. ఫ్రీడ్రిష్ మొదట ఈ సముద్రం మీద ఓడలు వేసి, తరవాత తొలగించాడని ఆధునిక శాస్త్రీయ పరీక్షల్లో తేలింది. ఓడ ఉంటే మన చూపు దాని మీద ఆగుతుంది. ఎక్కడికి పోతోందని అడుగుతాం. అది లేకపోవడంతో అనంతం ముందు మనిషి ఎంత చిన్నవాడో అన్న ఆలోచనే మిగులుతుంది. ఇది ఓదార్పో, భయమో చిత్రం చెప్పదు. తేల్చుకోవలసింది చూసేవారే.

ఆ మనిషి మనకు వీపు చూపిస్తున్నాడు. 'మంచుమేఘాల సముద్రం ఎదుట బాటసారి' (సుమారు 1818)లోనూ ఇంతే. ముఖం కనబడదు కాబట్టి అతడి భావం మనకు తెలియదు. అతడి చోట మనమే నిలబడి చూస్తాం.

5. పని పద్ధతి

ఈ దృశ్యాలు కేవలం ఊహలు కావు. ఫ్రీడ్రిష్ ఆరుబయట తిరిగి రాళ్ళను, చెట్లను పెన్సిలుతో శ్రద్ధగా గీసుకొనేవాడు. తరవాత చిత్రశాలలో, వేరువేరు చోట్ల గీసిన వాటిని ఒకే దృశ్యంగా కూర్చేవాడు. ప్రతి రాయీ నిజమే. దృశ్యం మాత్రం కల్పితం. ఆధ్యాత్మిక అర్థం ఈ కూర్పులోనే ఉంది.

6. సారాంశం

1835లో పక్షవాతం వచ్చిన తరవాత ఫ్రీడ్రిష్ తైలవర్ణ చిత్రాలు చాలావరకు మానుకోవలసి వచ్చింది. మరణం నాటికి ఆయన దాదాపు మరుగున పడ్డాడు. 1906లో బెర్లిన్ ప్రదర్శనతో మళ్ళీ వెలుగులోకి వచ్చాడు. చిన్ననాటి మరణాలతోనే ఆయన చిత్రాలన్నిటికీ అర్థం చెప్పడం సులువు. కాని అది చాలదు. చిత్రంలో ఏముంది, ఏది తీసేశారు, మనల్ని ఎక్కడ నిలబెట్టారు అన్న మూడు ప్రశ్నలు ముందు వేసుకోండి. అర్థం గురించి ఆ తరవాతే మాట్లాడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రామ్‌డోర్ అభ్యంతరాలు ఏవి? వాటిలో ఏది మీకు సమంజసంగా తోస్తుంది? ఎందుకు?
2. 'ప్రకృతే దైవం', 'ప్రకృతి దైవానికి సంకేతం' అనే భావాల మధ్య తేడాను టెషెన్ చిత్రం ఆధారంగా వివరించండి.
3. 'సముద్రతీరంలో సన్యాసి'లో ఓడలు ఉండి ఉంటే చిత్రం అర్థం ఎలా మారేది?