రోహిణి కార్తెలోనూ, సంక్రాంతి చలిలోనూ రంజాన్

2019లో రంజాన్ ఉపవాసాలు మే 7న మొదలై జూన్ 4 దాకా సాగాయి. రోళ్లు పగులుతాయనే రోహిణి కార్తె మధ్యలోనే వచ్చింది. తాపీ పనివాళ్లు, తోపుడు బళ్ల మీద పళ్లమ్మేవాళ్లు ఆ ఎండలో గుక్కెడు నీళ్లయినా తాగకుండా పొద్దు గుంకేదాకా రోజా పాటించారు. 2025లో అదే నెల మార్చి 2న మొదలైంది. ఆరేళ్లలో రెండు నెలలకు పైగా ముందుకు జరిగింది.

పంచాంగం చూసే ఇళ్లలో ఈ లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు. అలాంటి నెలలు పన్నెండు కలిపితే 354 రోజుల చిల్లర. సౌర సంవత్సరానికి దాదాపు 11 రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికి మనం రెండున్నరేళ్లు దాటాక ఒక అధిక మాసం కలుపుతాం, అందుకే ఉగాది వసంతాన్ని వదిలిపోదు. ఇస్లామీ క్యాలెండర్‌లో అధిక మాసం లేదు. అలా నెలల్ని జరపడాన్ని ఖురాన్ నిషేధించింది. దాంతో రంజాన్ సుమారు 33 ఏళ్లలో రుతువులన్నీ చుట్టివస్తుంది.

నాకు ఇందులో గొప్ప న్యాయం కనిపిస్తుంది. హైదరాబాద్‌లో రోజా చలికాలంలో పన్నెండున్నర గంటలు, నడివేసవిలో పద్నాలుగున్నర గంటలు ఉంటుంది. అదే లండన్‌లో జూన్ వస్తే పద్దెనిమిది గంటలు దాటుతుంది, డిసెంబర్‌లో పది గంటలకు కాస్త అటూ ఇటూ. నెల ఒకేచోట నిలిచిపోతే కష్టమంతా ఒక ప్రాంతం వారికే మిగిలేది.

నెల మొదలవ్వాలంటే నెలవంక కనపడాలి. అమావాస్య ఘడియల్లో చంద్రుడు సూర్యుడి పక్కనే ఉంటాడు. అక్కణ్నుంచి గంటకు సుమారు అర డిగ్రీ చొప్పున ఎడమవుతాడు. ఆ దూరం ఏడు డిగ్రీలకు చేరకపోతే వంక కంటికి ఆనదని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త ఆంద్రే దాన్జోన్ 1930లలో తేల్చాడు. 2025 ఫిబ్రవరి 28 ఉదయం ఆరుంబావుకు అమావాస్య ముగిసింది. ఆ సాయంత్రానికి చంద్రుడి వయసు పన్నెండు గంటలే, మన దేశంలో కనపడలేదు. మర్నాటికి ముప్పైఆరు గంటలు నిండాయి. డాబాలెక్కి పడమటి వైపు చూసినవాళ్లకు సన్నని వంక కళ్లబడింది. మన విదియ చంద్రుడు అతనే. అంతకు మూడు రోజుల ముందే శివాలయాల్లో జాగారం జరిగింది.

ఇస్లాంలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి, వంక కనపడిన రాత్రే మసీదుల్లో తరావీహ్ నమాజులు మొదలవుతాయి. వాటిలో రాత్రికి కొంత చొప్పున ఖురాన్ మొత్తం వినిపిస్తారు. తెల్లవారుజామున సహర్ భోజనం.

ఆ భోజనం ఎప్పుడు ఆపాలన్నదీ ఆకాశమే చెబుతుంది. చీకటి విడవకముందే తూర్పున ఒక్కోసారి నిలువుగా, తోక ఎత్తినట్టు మసక వెలుగు లేస్తుంది. దాన్ని సుబ్హే కాజిబ్, అంటే అబద్ధపు వేకువ అంటారు. గ్రహాల మధ్య తేలే ధూళి మీద సూర్యకాంతి పడి చెదిరితే వచ్చే వెలుగు అది. తర్వాత గాలిలో చెదిరిన సూర్యకాంతి దిగంతం వెంట అడ్డంగా పరుచుకునేదే అసలు వేకువ, సుబ్హే సాదిఖ్. రోజా అక్కడ మొదలు. అప్పటికి సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కింద ఉంటాడని మన దేశంలో సహర్ వేళల పట్టికలు లెక్కకడతాయి. ధూళి వెలుగుకీ గాలి వెలుగుకీ ఉన్న ఈ తేడాను టెలిస్కోపు పుట్టకముందే కంటితో పట్టుకున్నారు!

ఇక ఒంటి సంగతి. సహర్‌లో తిన్నది అరిగాక కాలేయం తన గ్లైకోజెన్ నిల్వ నుంచి చక్కెరను రక్తంలోకి వదులుతుంది. అది తరిగేకొద్దీ కొవ్వు కరుగుతుంది. ఇఫ్తార్ ఖర్జూరంలోని చక్కెర త్వరగా రక్తంలో కలుస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి మాత్రం ఉపవాసం ఆషామాషీ కాదు. రోగులకు, ప్రయాణికులకు మతమే మినహాయింపు ఇచ్చింది. అయినా రోజా ఉండాలనుకునేవాళ్లు నెల రాకముందే డాక్టర్‌ని కలిసి మందుల వేళలు మార్చుకోవాలి.

ఇలా ఏటా ముందుకు జరుగుతూ 2030లో రంజాన్ రెండుసార్లు మొదలవుతుంది: జనవరి మొదటివారంలో ఒకసారి, డిసెంబర్ చివరివారంలో మరోసారి.