దమ్ము పుట్టుకతో రాదు, రెండో ఛాన్స్‌తో వస్తది

2025 ఆగస్టు 3, ఆదివారం సాయంత్రం. టేకులపల్లిల ఛాయ్ హోటల్ కాడ పదిమంది పోరగాళ్లు ఒక్క ఫోన్ మీద పడి మ్యాచ్ చూస్తున్నరు. లండన్ ఓవల్ గ్రౌండ్ల ఇంగ్లండ్‌తో ఐదో టెస్టు. ప్రసిద్ధ్ కృష్ణ వేసిన బంతిని హ్యారీ బ్రూక్ గాలిలోకి లేపిండు. బౌండరీ కాడ మన హైదరాబాద్ పిలగాడు మహ్మద్ సిరాజ్ పట్టిండు. పట్టిండు గానీ, వెనక్కి వేసిన అడుగు బౌండరీ తాడు మీద పడ్డది. అవుట్ కావాల్సింది సిక్స్ అయ్యింది. అప్పటికి బ్రూక్ స్కోరు 19. ఆ తర్వాత ఆయన 111 దాకా పోయిండు.

ఇగ చూడాలె లొల్లి. "వీనికి ప్రెషర్ల చేతగాదు రా" అని ఒకడు. "లార్డ్స్‌ల గూడ ఆఖరికి అవుటయ్యి ఓడగొట్టింది వీడే గదా" అని ఇంకొకడు. "లేదన్నా, ఆస్ట్రేలియాల గబ్బా టెస్టుల ఐదు వికెట్లు తీసింది ఎవరు?" అని మూడోవాడు. ఛాయ్ చల్లారింది గానీ లొల్లి చల్లారలేదు.

తెల్లారి ఏమైందో మీకు తెలుసు. ఇంగ్లండ్ గెలవడానికి 35 పరుగులు కావాలె, చేతిల నాలుగు వికెట్లు ఉన్నయి. అందుల ఒకడు, క్రిస్ వోక్స్, భుజం దెబ్బతిని చెయ్యి కట్టుకునే బ్యాటింగ్‌కు దిగిండు. ఆ నాలుగు వికెట్లల మూడు సిరాజ్ తీసిండు. ఇండియా 6 పరుగులతో గెలిచింది. టెస్టుల మనం ఇంత తక్కువ తేడాతో ఎప్పుడూ గెలవలే. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ సిరాజే. నిన్న "పనికిరాడు" అన్న నోరే ఇయ్యాల "మా సిరాజ్ భాయ్, ప్రెషర్ అంటే ప్రాణం పెడ్తడు" అన్నది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నాకు అనుమానం ఇక్కడే వచ్చింది. ఒక్క రాత్రిల మనిషి దమ్ము మారుతదా? మారదు. అంటే ఆదివారం మనం చెప్పిన మాటా తప్పే, సోమవారం చెప్పిన మాటా తప్పే.

ఇది మన దగ్గరి లొల్లే కాదు. అమెరికాల వాళ్ల ఫుట్‌బాల్ ఒకటి ఉంటది, బంతిని చేత పట్టుకుని ఆడేది. అందుల క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటడు. బంతి వాని చేతికి వస్తది, ఎదుటి జట్టు పహిల్వాన్లు వాని మీదికి ఉరికొస్తరు. రెండు మూడు సెకన్లల ఎవరికి విసరాలో చూసి విసరాలె. మన కబడ్డీల డూ ఆర్ డై రైడ్ లెక్క అనుకోండి. వరుసగా రెండు రైడ్లు ఖాళీగ పోతే, మూడో రైడ్ల పాయింట్ తేవాల్సిందే, తేకపోతే రైడర్ అవుటే. అట్లాంటి రైడ్ వానికి ఆట పొడుగునా ఉంటది. పేటన్ మానింగ్ అనే క్వార్టర్‌బ్యాక్ నాకౌట్‌లల మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయిండు. "లీగ్‌ల పులి, పెద్ద మ్యాచ్‌ల పిల్లి" అన్నట్టే అక్కడి అభిమానులు ఏండ్ల తరబడి వాదులాడుకున్నరు. 2007 ఫిబ్రవరిల ఆయన జట్టు ఫైనల్ గెలిచింది, ఉత్తమ ఆటగాడు ఆయనే. 2016ల ఇంకో జట్టుతో మళ్లీ గెలిచిండు.

మన సింధునే యాది చేసుకోండి. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్ల ఓడింది. 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ల ఒకుహరతో 110 నిమిషాలు కొట్లాడి ఓడింది. 2018ల కామన్వెల్త్, ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఏషియన్ గేమ్స్ మూడింటి ఫైనల్లల ఓడింది. "సిల్వర్ సింధు", "ఫైనల్ అంటే భయం" అని పేర్లు పెట్టిన్రు. ఒక్కడన్నా ఆలోచించిండా, ఫైనల్ల ఓడాలంటే ముందు సెమీఫైనల్ గెలవాలె గదా? అన్ని సెమీఫైనల్లు గెలిచిన పిల్లకు ప్రెషర్ తెల్వదా? 2019 ఆగస్టు 25న స్విట్జర్లాండ్ల బాసెల్‌ల అదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, ఎదురుగ అదే ఒకుహర. 21-7, 21-7. అరగంట దాటి ఎనిమిది నిమిషాలకే ఆట ఖతం. ఆ రోజు పేర్లు పెట్టినోళ్ల సప్పుడు లేదు.

ఇంతకూ మనం ఎక్కడ తప్పుతున్నం?

ఒకటి, ఆఖరి సీన్ ఒక్కటే చూస్తం. లార్డ్స్ టెస్టే తీసుకోండి. 193 కొట్టాలె, 170కి ఆలౌట్, 22 పరుగులతో ఓటమి. సిరాజ్ పదకొండో బ్యాట్స్‌మన్. బ్యాటింగ్ ఆయన పనే కాదు. జడేజాకు తోడుగ ముప్పై బంతులు నిలబడ్డడు. ఆడిన బంతే ఎనక్కి దొర్లి వికెట్లకు తాకింది. ముందు పోయిన వికెట్ల లెక్క ఎవరికీ యాది లేదు, ఆఖరి బొమ్మ ఒక్కటే కండ్లల ఉన్నది. ఇల్లు కూలినప్పుడు ఆఖరుగ పడ్డ దూలాన్ని తిట్టినట్టు మన కథ.

రెండు, నాలుగు సంఘటనలు చూసి మనిషి మొత్తాన్ని తూకం వేస్తం. సిరాజ్ ఆ సిరీస్‌ల ఐదు టెస్టులూ ఆడిండు, రెండు జట్లల కలిపి అందరికంటే ఎక్కువ, 23 వికెట్లు తీసిండు. వందల బంతులు వేసిండు. మనం మాట్లాడింది ఒక్క అడుగు గురించి.

మూడోది అన్నిటికంటే పెద్ద తప్పు. దమ్ము అనేది కండ్ల రంగు లెక్క పుట్టుకతో వస్తదని అనుకుంటం. ఉన్నోనికి ఉంటది, లేనోనికి ఇగ రాదు అని. అది అబద్ధం.

ప్రెషర్ల మనిషి ఎందుకు తడబడతడో మానసిక శాస్త్రం చదివినోళ్లు చానా ఏండ్లుగ చూస్తున్నరు. 1984ల అమెరికాకు చెందిన బామైస్టర్ అనే ఆయన దీని మీద ప్రయోగాలు చేసి రాసిండు. ఆ మాటను మన తీరుల చెప్తా. తాటిచెట్టు ఎక్కే గౌడన్నను చూడండి. ఏండ్ల తరబడి ఎక్కిన చెట్టు, మోకు ఎక్కడ జరపాలో, కాలు ఎక్కడ ఆనించాలో ఒంటికే తెలుసు. మనసుతో పని లేదు. అదే చెట్టు కింద వందమందిని నిలబెట్టి, "పైలం, పడితే పరువు పోతది" అని అరవండి. అప్పుడు ఆయన మనసు దిగొచ్చి ఒక్కొక్క అడుగును లెక్కపెడ్తది. ఒంటికి తెలిసిన పనిల మనసు వేలు పెట్టిందా, అక్కడే కాలు తడబడ్తది. చేతగాక కాదు, చేతనైన పనిని మళ్లీ కొత్తగ ఆలోచించబట్టి. బండి నడపడం బాగా వచ్చినోడు గూడ లైసెన్స్ టెస్టుల కాలు కింద పెట్టేది ఇందుకే.

అయితే దీనికి మందు ఉన్నది. ప్రెషర్‌ను ప్రాక్టీస్‌లకే తెచ్చుకోవాలె. ఉత్తగ రైడ్లు చేసుడు కాదు, "రెండు పాయింట్లు వెనకబడ్డం, ఇదే ఆఖరి రైడ్, ముప్పై సెకన్లు" అని పెట్టుకుని, చుట్టూ అందరు అరుస్తుంటే చెయ్యాలె. వారానికి పదిసార్లు ఓడినా మళ్లీ చెయ్యాలె. ఇంకోటి, పెద్ద ఆటగాళ్లకు ఒక అలవాటు ఉంటది. బంతి వేసే ముందు, సర్వీస్ చేసే ముందు ప్రతిసారి అదే ఊపిరి, అదే అడుగు, అదే చూపు. మనసుకు ఆ చిన్న పని అప్పజెప్తే పెద్ద పనిల వేలు పెట్టదు. ఓవల్‌ల ఆఖరి రోజు పొద్దున సిరాజ్ "నమ్ము" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట ఉన్న రొనాల్డో బొమ్మను ఫోన్ల వాల్‌పేపర్ పెట్టుకున్నడట. ఆ సంగతి ఆయనే చెప్పిండు. అది మంత్రం కాదు, నిన్నటి అడుగు నుంచి మనసును తీసుకొచ్చి ఇయ్యాలటి బంతి మీద పెట్టే ఉపాయం.

కానీ ఈ మందు పనిచేయాలంటే ఒకటి కావాలె. రెండో ఛాన్స్.

సిరాజ్ నాయిన హైదరాబాద్‌ల ఆటో నడిపిండు. ఐపీఎల్‌ల బాగా దెబ్బలు తిన్న రోజుల్లో "పో, మీ నాయినతో ఆటో నడుపుకో" అని తిట్టినోళ్లు ఉన్నరని ఆయనే చెప్పుకున్నడు. అయినా జట్టు వదిలిపెట్టలే. 2020 ఐపీఎల్‌ల కోల్‌కతా మీద అదే సిరాజ్ నాలుగు ఓవర్లల 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీసిండు. అదే ఏడు నవంబర్‌ల, ఆయన ఆస్ట్రేలియాల ఉండగనే నాయిన చనిపోయిండు. సిరాజ్ అక్కడే ఉండి ఆడిండు, తర్వాతి జనవరిల గబ్బాల ఐదు వికెట్లు తీసిండు. మొదటి దెబ్బకే ఇంటికి పంపితే ఆ గబ్బా లేదు, ఈ ఓవల్ లేదు. దమ్మున్నోడని ఛాన్స్ ఇయ్యలే. ఛాన్స్ దొరకబట్టి దమ్ము తయారైంది.

ఇప్పుడు మన అడవి అంచుకు రండి. మన తండాల, కోయగూడేల పిల్లలకు ఎన్ని ఛాన్స్‌లు? సెలక్షన్ అంటే ఒక్క రోజు. తెల్లారుజామున లేచి, దొరికిన ఆటో పట్టుకుని, చెప్పుల్లేకనో, ఎరువు తెచ్చుకున్న బూట్లతోనో పోతరు. అక్కడ పది నిమిషాలు చూస్తరు. ఆ పది నిమిషాల కాలు జారిందా, "ఈ పిల్లకు ప్రెషర్ల చేతగాదు" అని రాసేస్తరు. మళ్లీ పిలుపు ఉండదు. పట్నం పిల్లగాడు అకాడమీల వందసార్లు ఓడి ఒక్కసారి గెలిచి పోతడు. మన పిల్ల మొదటిసారే గెలవాలె. ఇది దమ్ములో తేడా కాదు, ఓడిపోయే హక్కులో తేడా.

భద్రాచలంల పుట్టిన గొంగడి త్రిషనే చూడండి. 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌ల అండర్-19 ప్రపంచకప్ ఫైనల్. మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో నాటౌట్‌గ నిలిచింది. ఫైనల్ల, టోర్నీల రెండింటా ఉత్తమ క్రీడాకారిణి. ప్రెషర్ ఏ మాత్రం తాకలేదనిపించింది. కానీ అది ఆమెకు మొదటి ఫైనల్ కాదు, 2023ల గూడ అదే కప్పు ఫైనల్ ఆడింది. ఇంకో సంగతి, ఆమె ఆట కోసం కుటుంబం భద్రాచలం వదిలి హైదరాబాద్ పోయింది. గెలిచినంక రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది, సంతోషం. కానీ ఊరు వదిలి పోలేని త్రిషలు ఈ గోదావరి ఒడ్డున ఎంతమంది ఉన్నరో? గెలిచినంక ఇచ్చే కోటి కంటే, గెలవకముందు మండలానికి ఒక గ్రౌండు, ఒక కోచ్, ఏడాదికి నాలుగు సెలక్షన్లు ఇస్తే ఎక్కువ మందికి దమ్ము పుడ్తది. అడగాల్సింది ఇది.

సర్కార్‌ను అడిగేది అడుగుదాం. మన చేతిల ఉన్నది మనం చేద్దాం. కొన్నేండ్ల కింద ఒక సంక్రాంతి టోర్నీల ఆఖరి రైడ్ల ఒక పిల్లగాడు దొరికిపోయిండు. ఆ రాత్రి ఊరి వాట్సాప్ గ్రూపుల వాని మీద వచ్చిన జోకులకు నేను గూడ నవ్వే బొమ్మ పెట్టిన. వాడు మళ్లీ బరిలకు రాలే. ఇప్పుడు ఎదురుపడితే ఆట మాట ఎత్తడు, నేనూ ఎత్తలేను. వానికి దమ్ము లేదని నేను ఎట్ల చెప్పగలను? రెండోసారి చూడలేదు గదా.

ఈసారి సంక్రాంతికి మీ ఊళ్లె ఆఖరి రైడ్ల ఎవడన్నా దొరికిపోతే, ఫోన్ జేబుల పెట్టండి. తర్వాతి మ్యాచ్‌ల మొదటి రైడ్ వానితోనే వేయించండి.